గురుదక్షిణ నుండి అక్షయనిధి వరకు



సంస్కృతం, తెలుగు, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాలను మూడు దశాబ్దాల పాటు బోధించిన ఒక ఆచార్యులు పదవీ విరమణ చేసే నాడు జరిగే సత్కారం అందఱూ ఎఱిగినదే. పూలమాల, శాలువ, ఫలతాంబూలాలు, జ్ఞాపిక, సన్మానపత్రం, నాలుగు ప్రశంసావాక్యాలు. మఱునాటికి మాల వాడిపోతుంది, పత్రం గోడకెక్కుతుంది. శిష్యబృందాలలో కొన్ని ఇంతటితో తృప్తి చెందక మఱొక మార్గాన్ని అవలంబిస్తున్నాయి. అందఱూ కలిసి ధనం కూర్చి, ఆచార్యుల పేర ఒక శాశ్వతనిధిని నెలకొల్పి, మూలధనాన్ని ముట్టకుండా దానిపై వచ్చే వడ్డీతో ఏటేటా ఒక విద్యార్థికి ఉపకారవేతనం అందజేస్తున్నాయి.

ఇది పాశ్చాత్య విశ్వవిద్యాలయాల నుండి దిగుమతి అయిన ఆచారమని పలువురి భావన. పేరు నూతనమే, పద్ధతిలో కొంత భాగమూ నూతనమే. కాని దీని వెనుక ఉన్న ధర్మం మాత్రం వేదమంత ప్రాచీనం. గురువుకు చెల్లించవలసిన ఋణం గురువు వద్దకు తిరిగి వెళ్లి ఆగిపోదు. అది రాబోయే శిష్యుని వైపు ప్రవహిస్తుంది. ఈ ఒక్క సూత్రాన్ని భారతీయులు ఏయే కాలాలలో ఏయే రూపాలలో ఆచరించారో పరిశీలిస్తే, నేటి ఉపకారవేతనం ఎంతటి పుణ్యకార్యమో, దానిని నిలబెట్టడానికి ఎంతటి జాగరూకత అవసరమో బోధపడుతుంది.

ఋణం ఎవరిది, చెల్లింపు ఎవరికి?

మానవుడు మూడు ఋణాలతో జన్మిస్తాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. యజ్ఞం ద్వారా దేవఋణం, సంతానం ద్వారా పితృఋణం, బ్రహ్మచర్యంతో కూడిన అధ్యయనం ద్వారా ఋషిఋణం తీరుతాయి. వీటిలో పితృఋణాన్ని, ఋషిఋణాన్ని గమనించాలి. తండ్రికి పడిన ఋణం తండ్రికి ధనమిచ్చినంత మాత్రాన తీరదు, వంశాన్ని ముందుకు నడిపితేనే తీరుతుంది. అలాగే మంత్రద్రష్టలైన ఋషులకు పడిన ఋణం వారికి తిరిగి ఏదో ఇవ్వడం వల్ల తీరేది కాదు. నేర్చుకొని, ఆ నేర్చినదానిని మఱొకరికి అందిస్తేనే తీరుతుంది. లోకవ్యవహారంలో అప్పిచ్చినవానికే అప్పు చెల్లిస్తారు. ఇక్కడ మాత్రం అప్పు వెనుకటివారిది, చెల్లింపు ముందుతరానికి.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, విద్య ముగించుకొని ఇంటికి మరలుతున్న శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఉంది. ఆచార్యునికి ప్రియమైన ధనాన్ని సమర్పించమని చెప్పిన వెంటనే సంతానతంతువును తెగనీయవద్దని చెబుతుంది. మఱికొద్ది మాటలలోనే అధ్యయన ప్రవచనాలలో ఏమఱపాటు కూడదని హెచ్చరిస్తుంది. దక్షిణ, సంతతి, ప్రవచనం అనే ఈ మూడూ ఒకే అనుశాసనంలో ఇంత సన్నిహితంగా ఉండటాన్ని సాధకులు మననం చేయవలసి ఉంది. దక్షిణ ఇవ్వడంతో శిష్యుని కర్తవ్యం ముగియలేదు. తంతువు తెగకుండా చూడటం కూడా అతని బాధ్యతే.

దక్షిణకు, జీతానికి గల భేదం కూడా ఇక్కడే తెలుస్తుంది. సమావర్తన స్నానానికి ముందు గురువుకు ఏమీ ఇవ్వరాదని, ఆయన అనుజ్ఞతో స్నాతకుడయ్యే వేళ యథాశక్తి సమర్పించాలని మనుస్మృతి విధించింది. భూమి, బంగారం, గోవు, అశ్వం మొదలుకొని గొడుగు, పాదరక్షలు, ధాన్యం, చివరకు కూరగాయల వరకు ఏదైనా సరే గురువుకు ప్రీతికరంగా ఇవ్వవచ్చునన్నది. ధనం పుచ్చుకొని చదువు చెప్పేవానిని, అలా చదువుకొన్నవానిని శ్రాద్ధంలో భోక్తలుగా పిలువరాదని కూడా అదే గ్రంథం నిషేధించింది. విద్యకు వెల కట్టరాదన్నదే దీని తాత్పర్యం.

మఱి గురువు వెల పుచ్చుకోడు, శిష్యుని వద్ద ధనం లేదు. అయితే గురుకులం ఎలా సాగింది? ఈ ప్రశ్నకు రఘువంశం ఐదవ సర్గలోని కౌత్సుని కథ సమాధానం చూపుతుంది. వరతంతు మహర్షి తన శిష్యుడైన కౌత్సుని సేవకే సంతుష్టుడయ్యాడు. దక్షిణ అడగమని కౌత్సుడు పదేపదే నిర్బంధించగా కోపించి, తాను నేర్పిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వెళ్లేసరికి, విశ్వజిద్యాగంలో సర్వస్వమూ దానం చేసిన ఆ రాజు మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చే స్థితిలో ఉన్నాడు. అయినా అర్థిని రిక్తహస్తాలతో పంపలేక కుబేరునిపై దండెత్త సంకల్పించాడు. తెల్లవారేసరికి కోశాగారం స్వర్ణమయమైంది. రాజు మొత్తం తీసుకొమ్మంటాడు, శిష్యుడు గురువుకు ఇవ్వవలసినదానికి మించి ఒక్కటీ ముట్టనంటాడు. సాకేతవాసులు ఆ ఇద్దఱినీ చూసి ఆశ్చర్యపడ్డారు.

గురుశిష్యుల మధ్య ఉన్న విద్యాబంధంలోకి ఈ కథలో మూడవవాడు ప్రవేశించాడు. అతడు సమాజానికి ప్రతినిధియైన రాజు. విద్య ఇద్దఱి వ్యవహారమైనా, దాని భారం అందఱిదీ. ఆంధ్రదేశంలో నిన్నమొన్నటి వరకు ఈ భారాన్ని గృహిణులు మోశారు. పేద విద్యార్థి మధూకరం ఎత్తుకొని గాని, ఏడు ఇళ్లలో ఏడు వారాలు చెప్పుకొని గాని చదువుకొనేవాడు. సోమవారం ఒక ఇంట, మంగళవారం ఒక ఇంట భోజనం. వారాలు చేసుకొని చదివి మహాపండితులైనవారు ఎందఱో ఉన్నారు. అన్నం పెట్టిన ఆ తల్లులే తొలి ఉపకారవేతన దాతలు. అయితే ఆ పద్ధతిలో ఒక క్లేశం లేకపోలేదు. గృహస్థు ఊరు మారినా, మనసు మారినా ఆ వారం తప్పిపోయేది. విద్యార్థి దాత ముఖం చూసి మెలగవలసి వచ్చేది. దాత మనఃస్థితిపై ఆధారపడని గ్రాసం కావాలి. అందుకు మన పూర్వులు కనుగొన్న ఉపాయం శాశ్వతదానం.

చావని గొఱ్ఱెలు, తరగని ధాన్యం

ఆలయాలలో వెలిగే అఖండదీపం ఈ ఉపాయానికి ప్రత్యక్షోదాహరణ. దాత నూనెను గాని, నేతిని గాని సమర్పిస్తే అది కొంతకాలానికి అయిపోతుంది. అందుచేత పశువులను సమర్పించేవారు. ద్రాక్షారామ భీమేశ్వరాలయ స్తంభాల మీద ఇటువంటి అఖండదీప శాసనాలు విస్తారంగా ఉన్నాయి. తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజచోళుని కాలపు లెక్క ప్రకారం ఒక దీపానికి 96 గొఱ్ఱెలు. మందను స్వీకరించిన కాపరి ప్రతిదినం ఒక ఉళక్కు నేతిని ఆలయానికి కొలవాలి. తమిళ శాసనాలు ఇటువంటి మందకు చావనివీ, ముసలివి కానివీ అయిన గొఱ్ఱెలని పేరు పెట్టాయి. ఏ గొఱ్ఱె అయినా చావక తప్పదు. కాని చచ్చినదాని స్థానంలో ఒక పిల్ల పెరిగి నిలిస్తే మంద చావదు. మూలం చెక్కుచెదరదు, ఫలం మాత్రమే వినియోగమవుతుంది. నేటి శాశ్వతనిధికి ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం లేదు.

దీపానికి వర్తించిన ఈ న్యాయమే విద్యకూ వర్తించింది. నేటి విళుప్పురం జిల్లాలోని ఎణ్ణాయిరంలో మొదటి రాజేంద్రచోళుని కాలపు శాసనం ఒకటి ఉంది. అక్కడి విద్యాలయంలో 340 మంది విద్యార్థులు. వారిలో 270 మంది కింది తరగతులవారు, 70 మంది పై శాస్త్రాలవారు. ఋగ్వేదానికి 75 మంది, యజుర్వేదానికి 75 మంది, రూపావతారమనే వ్యాకరణ గ్రంథానికి 40 మంది ఉండగా, పై తరగతులలో వ్యాకరణానికి 25 మంది, ప్రాభాకర మీమాంసకు 35 మంది, వేదాంతానికి 10 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి రోజుకు ఎంత ధాన్యమో కొలతతో సహా శాసనం నిర్ణయించింది. పై శాస్త్రాలు చదివేవారికి కిందివారికంటె ఎక్కువ కొలిచింది. దీనికంతటికీ 45 వేలుల భూమిని కేటాయించారు.

ఈ అంకెలలో ఒక వివేకం దాగి ఉంది. వేదాంతానికి పదిమందే ఉన్నారు గదా, అంత స్వల్పసంఖ్యకు ఆచార్యుడు, గ్రాసం ఎందుకని ఆ సభవారు తలపలేదు. ఏ విద్యకు ఎందఱు కావాలో ఆలోచించి ముందుగానే స్థానాలు నిర్ణయించారు. చెంగల్పట్టు ప్రాంతంలోని తిరుముక్కూడల్ శాసనం మఱింత సూక్ష్మంగా ఆలోచించింది. వీరరాజేంద్రచోళుని కాలానికి చెందిన ఆ శాసనం పాఠశాలతో పాటు 15 మంచాల వైద్యశాలను కూడా పేర్కొంటుంది. విద్యార్థులు పడుకోవడానికి చాపలు, శనివారం తలంటుకు నూనె, రాత్రివేళ దీపానికి నూనె సైతం అందులో ఉన్నాయి. చదువంటే పాఠం ఒక్కటే కాదని, చదివేవానికి శరీరం కూడా ఉంటుందని ఆ దాతలు ఎఱుగుదురు.

మల్కాపురం శిలాస్తంభం

పై శాసనాలలో దాత, విద్యార్థి కనిపిస్తారు. గురువును సత్కరించడమే విద్యార్థిని పోషించడంగా మారిన అపూర్వ సన్నివేశం కోసం కృష్ణాతీరానికి రావాలి. గుంటూరు ప్రాంతంలో మందడం సమీపాన ఉన్న మల్కాపురంలో ఒక శిలాస్తంభం ఉంది. శక సంవత్సరం 1183, అనగా క్రీ.శ. 1261 నాటి కాకతీయ శాసనం దానిపై చెక్కబడింది.

కాకతీయ గణపతిదేవునికి శైవదీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శివాచార్యులు. గౌడదేశంలోని రాఢ ప్రాంతపు పూర్వగ్రామం వారి స్వస్థలం. గోళకీ మఠ పరంపరకు చెందిన మహనీయులు. ఆ పరంపర మూలపురుషుల చరిత్రను కూడా ఈ శాసనమే చెబుతుంది. డాహలమండలంలో కలచురి యువరాజదేవుడు సద్భావశంభువుకు మూడు లక్షల గ్రామాల విషయాన్ని భిక్షగా సమర్పించగా, ఆ యోగి దానిని తనకు ఉంచుకోక గోళకీ మఠాన్ని నెలకొల్పి, ఆ మఠాచార్యులకు వృత్తిగా ఇచ్చివేశాడు. గురువుకు వచ్చినది పరంపరకు చేరడం ఆ మఠానికి పుట్టుకతో వచ్చిన సంప్రదాయమన్నమాట.

గణపతిదేవుడు తన గురువుకు మందర గ్రామాన్ని ఇస్తానని సంకల్పించాడు. అదే నేటి మందడం. ఆయన కుమార్తె రుద్రమదేవి తండ్రి మాటను శాసనబద్ధం చేసి, దానితో పాటు వెలగపూడిని కూడా చేర్చి సమర్పించింది. ఇంతవరకు ఇది ఒక రాజు తన గురువుకు చేసిన సత్కారం. ఇటువంటి అగ్రహారదానాలు ఎన్నో ఉన్నాయి. మల్కాపురం శాసనానికి విశిష్టత తెచ్చినది దీని తరువాతి ఘట్టం.

విశ్వేశ్వర శివాచార్యులు ఆ గ్రామాదాయంతో విశ్వేశ్వరగోళకి అనే పేర ఒక నూతనగ్రామాన్ని నిర్మించారు. ఆలయం, మఠం, అన్నసత్రం, విద్యార్థుల పోషణ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల అన్నింటికీ ఆదాయాన్ని విభజించారు. ఋగ్యజుస్సామవేదాలకు ముగ్గురు, తర్కసాహిత్యాగమాది శాస్త్రాలకు ఐదుగురు అధ్యాపకులను నియమించారు. ఒక వైద్యుని, లెక్కలు వ్రాయడానికి ఒక కాయస్థుని ఏర్పాటు చేశారు. బ్రాహ్మణుని మొదలుకొని చండాలుని వరకు ఎవరు వచ్చినా సత్రంలో అన్నం పెట్టాలని శాసించారు.

సత్కారం రాజుది, సత్కృతుడు గురువు, అనుభవించినవారు విద్యార్థులు, రోగులు, గర్భిణులు, ఆకలిగొన్నవారు. గురువుకు చేసిన సమర్పణ గురువు చేతిలో విశ్రమించక ముందుకు ప్రవహించిన తీరు ఇది. ఋషిఋణ సిద్ధాంతం రాతిమీద సాక్షాత్కరించిన స్థలం మల్కాపురం. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి ఒకనాడు ఒక గురువు పేర విద్యార్థులకు అన్నం పెట్టిన గ్రామమన్న సంగతి తెలుగువారు స్మరించదగినది.

ఈ శాసనంలో లెక్కలు వ్రాసే కాయస్థుని ప్రస్తావనను చిన్న విషయంగా భావించరాదు. వేదాధ్యాపకులను నియమించిన ఆచార్యుడే గణకుని కూడా నియమించాడు. ధర్మం ఎంత ఉన్నతమైనదైనా లెక్క సరిగా లేకపోతే నిలువదని ఆ శివయోగి గ్రహించాడు.

భూమి పోయి ధనం వచ్చిన కాలం

కాలం మారింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. గురుకులంలో గురువుకు పదవీ విరమణ అనేది లేదు, దేహమున్నంతవరకు ఆయన గురువే. నూతన విద్యాలయాలలో ఆచార్యులకు జీతం, వయఃపరిమితి ఏర్పడ్డాయి. దానభూముల స్థానంలో బ్యాంకులోని మూలధనం, దానిపై వడ్డీ వచ్చాయి. రూపం ఇంతగా మారినా అంతస్సూత్రం తెగలేదు. బొంబాయిలో జగన్నాథ శంకరసేఠ్ పేర ఆయన కుమారుడు నెలకొల్పిన సంస్కృత ఉపకారవేతనం తరతరాల మెట్రిక్యులేషన్ విద్యార్థులకు సంస్కృతాధ్యయనంలో గౌరవస్థానమైంది.

ఆచార్య సత్కారం విషయంలో పుణె నగరం చూపిన మార్గం స్మరణీయం. డెక్కన్ కళాశాలలో సంస్కృతాచార్యులుగా సేవచేసి 1893లో విరమించిన రామకృష్ణ గోపాల భండార్కర్ మహాశయుని ఎనభైయవ జన్మదినాన, 1917 జులై 6న, ఆయన పేర ప్రాచ్యవిద్యా సంశోధన మందిరం వెలసింది. ఆయన తన గ్రంథసంచయాన్ని ఆ మందిరానికే సమర్పించారు. శిష్యులు, అభిమానులు గురువుకు సంస్థను ఇచ్చారు, గురువు సంస్థకు తన గ్రంథాలను ఇచ్చాడు. ఆ మందిరమే 1919లో మహాభారత సంశోధిత పాఠాన్ని చేపట్టి 1966 నాటికి పూర్తిచేసింది. మద్రాసులో ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యులైన మహామహోపాధ్యాయ కుప్పుస్వామిశాస్త్రిగారు 1943లో పరమపదించగా, శిష్యులు, మిత్రులు ఆయన పేర మైలాపూరులో పరిశోధనాలయాన్ని నెలకొల్పారు. ఒక శాలువతో ముగిసిపోగల గౌరవం ఈ విధంగా తరతరాల అధ్యయనంగా పరిణమించింది.

తిరుత్తణి బాలుడు

ఉపకారవేతనం ఒక జీవితాన్ని ఎలా మలచగలదో, ఆ జీవితం తిరిగి ఎలా ఉపకారవేతనంగా మారగలదో తెలుసుకోవడానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ చరిత్ర చాలు. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన తిరుపతిలో, వేలూరులో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొన్నారు. విద్యాభ్యాసమంతా ఉపకారవేతనాల ఆధారంతోనే సాగింది. తత్త్వశాస్త్రాన్ని ఎంచుకోవడానికి కూడా పేదరికమే కారణమయింది. అదే కళాశాలలో చదివిన జ్ఞాతి ఒకరు తన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఇవ్వడంతో, పుస్తకాలు కొనే అవసరం లేని ఆ విషయాన్నే ఆయన స్వీకరించారు. వేదాంత నీతిశాస్త్రంపై ఆయన వ్రాసిన సిద్ధాంతవ్యాసం 1908లో ప్రచురితమయింది. వాడిన పుస్తకాలు నాలుగు, కొద్దిపాటి వేతనం. భారతీయ దర్శనాలను ప్రపంచానికి వివరించిన ఒక మహావ్యాఖ్యాత వెనుక ఉన్న పెట్టుబడి అంతే.

1918 నుండి మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్లేటప్పుడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిలో ఆయనను కూర్చుండబెట్టి, తామే లాగుతూ రైలుస్టేషనుకు తీసుకొని వెళ్లారు. గురుభక్తికి ఆ దృశ్యం పరాకాష్ఠ. అయితే ఆ పూలు ఆనాడే వాడిపోయాయి. ఈ సత్యాన్ని గుర్తించినట్లుగానే, ఆయన తన విషయంలో జరిగే సత్కారాలన్నింటినీ ఇతరుల వైపు మళ్లించారు. 1962లో రాష్ట్రపతి అయినప్పుడు శిష్యులు, మిత్రులు జన్మదినోత్సవం జరుపుతామనగా, దానికి బదులుగా ఆ దినాన్ని ఉపాధ్యాయులందఱి దినంగా జరుపుకొనమని కోరారు. 1975లో తనకు లభించిన టెంపుల్టన్ పురస్కార ధనాన్ని, 1936 నుండి 1952 వరకు తాను ప్రాచ్యధర్మాలను బోధించిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 17న ఆయన పరమపదించారు. 1989లో అదే విశ్వవిద్యాలయం ఆయన స్మారకంగా రాధాకృష్ణన్ ఉపకారవేతనాలను ప్రారంభించింది.

ఉపకారవేతనంతో చదువుకొన్న బాలుని పేరే ఉపకారవేతనమయింది. చక్రం పూర్తి అయింది అనడం కంటె, తంతువు తెగలేదు అనడం సముచితం.

నిధిని నిలబెట్టే ఐదు భావాలు

చరిత్ర ఇంత ఉజ్జ్వలంగా ఉన్నా మఱొక పార్శ్వం కూడా ఉంది. వందలకొలది దానశాసనాలలోని భూములు నేడు దాతల సంకల్పానికి వినియోగమవడం లేదు. ఆధునిక కాలంలో నెలకొల్పిన నిధులలో సైతం, ఒకనాడు విద్యార్థికి సంవత్సరమంతా అన్నం పెట్టగలిగిన వడ్డీ నేడు ఒక చిన్న పతకానికి మాత్రమే సరిపోతున్న సందర్భాలు ఉన్నాయి. సంకల్పంలో లోపం లేకపోయినా పాలనలో లోపం ఉంటే దానం క్షీణిస్తుంది. అందుకే మన దానశాసనాలు ముగింపులో దానం చేయడంకంటె చేసిన దానాన్ని కాపాడటమే గొప్పదని చాటుతాయి.

ఆచార్యుని పేర నిధి నెలకొల్పదలచిన శిష్యులకు తైత్తిరీయోపనిషత్తులోని అనుశాసనమే మార్గదర్శి. శ్రద్ధతో ఇవ్వాలి, సంపదకు తగినట్లు ఇవ్వాలి, సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి, సంవిత్తుతో అనగా ఎఱుకతో ఇవ్వాలి అని అది ఉపదేశించింది.

శ్రద్ధ అంటే ఆ ఆచార్యుడు జీవితమంతా దేనికి వెచ్చించాడో దానిపై విశ్వాసం. మీమాంసను బోధించిన ఆచార్యుని పేర నెలకొల్పిన వేతనం మఱేదో లాభదాయకమైన విద్యకు వెళితే అది ఆయన పేరును మాత్రమే గౌరవిస్తుంది, ఆయన తపస్సును విస్మరిస్తుంది. చదివేవారు పదిమందే అయినా ఎణ్ణాయిరం సభవారు వేదాంతానికి స్థానం తగ్గించలేదు. నేడు ఒక ఆచార్యుడు విరమించగానే ఆ స్థానం ఖాళీగా మిగిలి, క్రమంగా ఆ శాస్త్రమే పాఠ్యక్రమం నుండి జారిపోయే ప్రమాదం ఉంది. ఆ శాస్త్రం చదివే ఒక్క విద్యార్థికైనా గ్రాసం నిశ్చితంగా ఉంటే తంతువు నిలుస్తుంది.

సంపదకు తగినట్లు ఇవ్వడమంటే ధనిక శిష్యుడు లక్షలు, నిరుపేద శిష్యుడు నూఱు రూపాయలు ఇచ్చినా ఇద్దఱి పేర్లూ ఒకే వరుసలో ఉండటం. మనువు దక్షిణలలో అశ్వంతో పాటు కూరగాయలను కూడా చేర్చడంలోని ఔచిత్యం ఇదే.

సిగ్గుతో ఇవ్వడమంటే పుచ్చుకొనేవాని అభిమానాన్ని కాపాడటం. విద్యార్థిని వేదికనెక్కించి అతని పేదరికాన్ని వర్ణించి, చెక్కుతో ఛాయాచిత్రం తీయించుకోవడం దానధర్మానికి విరుద్ధం. ఆ వేతనం దాత చూపిన దయ కాదు, గురువుకు తాను పడిన ఋణంలో ఒక భాగం. ఋణం చెల్లించేవాడు గర్వించడానికి అవకాశం లేదు.

భయంతో ఇవ్వడమంటే సంకల్పం చెడిపోతుందేమోనన్న జాగరూకత. ఉదాహరణకు పది లక్షల మూలధనంపై ఏటా నూటికి ఏడు చొప్పున డెబ్బైవేలు వస్తాయనుకొందాం. ఆ మొత్తమంతా ఏటేటా పంచివేస్తే చూడటానికి ఉదారంగానే ఉంటుంది. కాని ధరలు ఏటా నూటికి ఐదు చొప్పున పెరిగితే పదునాలుగు, పదిహేనేళ్లలో రెట్టింపవుతాయి. అప్పుడా డెబ్బైవేలు నేటి ముప్పైయైదువేలతో సమానం. గొఱ్ఱెపిల్లలన్నింటినీ అమ్ముకొని నెయ్యి కొలిచిన కాపరి మంద కొన్నాళ్లకు అంతరించినట్లే ఇదీ. వడ్డీలో కొంత భాగం మూలధనంలో తిరిగి చేరితేనే మంద చావదు, దీపం ఆరదు.

సంవిత్తుతో ఇవ్వడమంటే స్పష్టమైన ఒడంబడిక. వేతనం ఎవరికి, ఏ శాస్త్రానికి, ఎంతకాలం, ఎంపిక చేసేది ఎవరు, అర్హుడు లభించని సంవత్సరం ధనం ఏమి కావాలి, ఆ శాఖయే మూతపడితే దగ్గఱి శాస్త్రం ఏది, లెక్కలు ఎవరికి చూపాలి అనే విషయాలన్నీ పత్రంలో ఉండాలి. ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఎంత ధాన్యమో కొలతతో వ్రాయించినవారి వారసులకు ఇది కష్టమైన పని కాకూడదు. మల్కాపురంలో శివాచార్యులు నియమించిన కాయస్థుని స్థానం నేటి నిధులలో కూడా ఖాళీగా ఉండరాదు.

ఇలా నెలకొల్పిన నిధి ఫలాన్ని దాతలలో చాలామంది కన్నులారా చూడలేరు. ఇప్పటికి పుట్టని ఒక బాలుడో బాలికో, ఎక్కడో ఒక కుగ్రామంలో అక్షరాభ్యాసం చేసుకొని, పట్టణానికి వచ్చి, ఏ శాస్త్రం చదివితే అన్నం దొరుకుతుందో అని తల్లిదండ్రులు చింతిస్తున్న వేళ, ఎన్నడూ చూడని ఒక ఆచార్యుని పేర వచ్చిన ధనంతో తనకు ఇష్టమైన శాస్త్రాన్ని పఠిస్తారు. ఆ ఆచార్యుని కంఠస్వరం వారికి తెలియదు. ఆయన బోధించిన వాక్యార్థం మాత్రం వారి నోట మఱల పలుకుతుంది. ఋషులకు మానవుడు చెల్లించగలిగిన దక్షిణ అదే.

స్వస్తి.